పాదం మీద చెయ్యి

కదలకూడదు. ముప్పై అయిదు నిమిషాలు, మహా అయితే నలభై, ఆ తర్వాత మీ ఇష్టం, అంది ఎమ్మారై యంత్రం నడిపే పిల్ల, ఏలిన్ అట పేరు. మింగడం కూడా వీలైనంత తగ్గించండి అని చెప్పి మరీ వెళ్లింది. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచీ హల్వార్డ్ నోట్లో ఉమ్మి ఊరుతూనే ఉంది. మెడకు పట్టా, తలకు రెండు పక్కలా మెత్తలు, చెవులకు మూతలు, ముఖం మీద ప్లాస్టిక్ పంజరం, కుడి చేతిలో రబ్బరు బంతి. ఊపిరాడకపోతే బంతి నొక్కాలట. పంజరానికి పైన అరచేతిలో సగం ఉండే అద్దం ఒకటి బిగించారు. అందులో గొట్టం అవతలి కొస, తన కాళ్ల మీది దుప్పటి, దాని వెనక ఒక ముక్క తెల్లగోడ కనబడతాయి. అంతకు మించి లోకం లేదు. భయంగా ఉంటే మీవాళ్లలో ఒకరు లోపల కూర్చుని పాదం పట్టుకోవచ్చు, చాలామందికి అదే ధైర్యం, అని కూడా ఏలినే అంది. భయమా, నాకా, అనబోయి ఊరుకున్నాడు. నడవాలో ఎవరికో ఒక కాగితం ఇచ్చి నింపమనడం వినబడింది, తర్వాత చెవులకు మూతలు పడ్డాయి. గొట్టంలోకి జరిపాక దుప్పటి కిందికి ఒక చెయ్యి వచ్చి ఎడమ పాదాన్ని పట్టుకుంది. మనిషి అద్దంలో కనబడదు. కనబడక్కర్లేదు కూడా. పాతికేళ్లు కాపురం చేసిన పెళ్లాం చెయ్యి ఆ మాత్రం తెలియదా? ఉన్ని మేజోడు మీదుగా బొటనవేలు అరికాలి మధ్యలో ఆని, నొక్కీ నొక్కనట్టు ఉండిపోయింది. తోరున్ వచ్చింది. నడవాలో ఊరివాడు షూర్ కూడా ఉన్నాడు, వాడి గొంతు తను విన్నాడు, అయినా వాణ్ని బయట వదిలేసి ఆమె లోపలికి వచ్చింది. హల్వార్డ్‌కు మూడు రోజుల్లో మొదటిసారి కడుపు చల్లబడింది.

యంత్రం మొదలైంది. ముందు టకటకా, ఆపైన గుర్రుమంటూ, ట్రాక్టరు వెనక మంచు విసిరే యంత్రం గడ్డ కట్టిన మంచులో పళ్లు దించినప్పటి మోత. ఇరవై రెండేళ్లుగా లోయ ఎగువ దారీ, దాని పొడుగునా ఉన్న నలభై రెండు ఇళ్ల వాకిళ్లూ తుడిచేది తనే. ఆ యంత్రం బండికి వెనక ఉంటుంది కాబట్టి బండిని వెనక్కే నడపాలి, మెడను కుడి భుజం మీదుగా తిప్పి, గంటలకు గంటలు. హల్వార్డ్ వాళ్లమ్మ కడుపులోంచే వెనక్కి చూస్తూ పుట్టాడని ఊళ్లో వేళాకోళం. ఇప్పుడు ఆ మెడ మీదే తీర్పు. నిన్న సాయంత్రం డాక్టర్ హౌగ్లాండ్, పొట్టిగా చురుగ్గా ఉండే ఆవిడ, మంచం పక్కన నిలబడి టేపు చుట్టలో పెన్సిలు దూర్చి, అతని కళ్లకు ఎదురుగా పైకెత్తి చూపించింది. "ఈ చుట్ట మీ మెడలో మొట్టమొదటి ఎముక. మీ పుర్రె దీని మీదే కూర్చుని ఉంది. నడినెత్తి మీద పడ్డారు కదా, బరువంతా దిగి ఇది నాలుగు ముక్కలైంది. ఈ పెన్సిలు రెండో ఎముక కొమ్ము. కొమ్ము వెనక్కి జారి వెన్నుపాముకు గుచ్చుకోకుండా అడ్డంగా ఒక నరంపట్టీ కాపలా ఉంటుంది. అది తెగిందా లేదా అన్నదే ఇప్పుడు ప్రశ్న." ముక్కలు ఎంత దూరం జరిగాయో సీటీలో కొలిచారట, ఆరు మిల్లీమీటర్లట, తెగిందనడానికి చాలదు, తెగలేదనడానికి ఎక్కువ. పట్టీ నిలిచి ఉంటే తలచుట్టూ ఇనుప వలయం, పుర్రెకు నాలుగు మొనలు, భుజాల మీద గొర్రెతోలు అద్దిన చొక్కా, పన్నెండు వారాలు. ఎముక దానంతటదే అతుక్కుంటుంది. తెగి ఉంటే స్క్రూలు వేసి పై రెండు ఎముకలనీ ఒకటి చేసెయ్యాలి. "నడుస్తారు, తింటారు, నిక్షేపంగా బతుకుతారు. కానీ తల తిప్పడంలో సగం పని ఈ రెండు ఎముకల మధ్యే జరుగుతుంది. ఆ సగం ఇక ఉండదు." సగం మెడతో ట్రాక్టరును ఎవడు వెనక్కి నడుపుతాడు? సగం మెడతో ఏ మగాడు తన వెనక ఏం జరుగుతోందో చూసుకోగలడు? రెండో ప్రశ్న డాక్టరును అడగలేదు.

"మొదటిది అయిపోయింది, బాగా వచ్చింది," అంది ఏలిన్ గొంతు చెవి మూతల్లో. "తర్వాతది ఆరు నిమిషాలు." చెయ్యి పాదం మీదే ఉంది. మేజోడు తోరున్ అల్లినదే. మడమ దగ్గర అల్లిక తప్పి ముడి పడింది, అది నొక్కుకునేది, చెప్పలేదు ఎప్పుడూ. చెప్పాల్సినవి చెప్పకపోవడం, చెప్పకూడనివి మనసులో నూరుకోవడం, తన బతుకంతా ఇదే. అసలు శనివారం ఆ కప్పు మీదికి తను ఎక్కకుండా ఉంటే! ఎక్కక తప్పుతుందా, దుగ్నాద్ కదా. ఊరుమ్మడి పని, కూలి ఉండదు, కాఫీ, వాఫిళ్లనే తియ్యట్లు ఉంటాయి, రానివాడి పేరు మాత్రం ఏడాది పొడుగునా అందరికీ గుర్తుంటుంది. ఊరి సభాభవనం కప్పు మీద మీటరు పైన తడిమంచు పేరుకుంది, ఇంకో రాత్రి కురిస్తే దూలాలు విరుగుతాయన్నారు. పైకెక్కే ప్రతివాడి నడుముకూ తాడు కట్టేది షూర్. లోయ రక్షకదళంలో పద్దెనిమిదేళ్లుగా ఉన్నవాడు, హల్వార్డ్‌తో ఒకే బల్ల మీద ఏడేళ్లు చదివినవాడు, మూడేళ్ల కిందట పెళ్లాంతో విడిపోయి ఒంటరిగా ఉంటున్నవాడు. ముడి వేస్తాడు, రెండుసార్లు గుంజి చూస్తాడు, భుజం మీద ఒక్కటి చరిచి పొమ్మంటాడు. ఆ చరుపు కూడా హల్వార్డ్‌కు గిట్టదు. తాడు అంచు దాకా చేరకుండా పొట్టిగా కట్టడం వాడి పద్ధతి. అంచుకు పోకుండా ఆపడానికే కదా తాడు. పొగగూడు పక్కన నిలబడి మంచు తోస్తుంటే కింది నుంచి తోరున్ నవ్వు వినబడింది. ఇంట్లో నవ్వే నవ్వు కాదు. తల వెనక్కి వేసి, గొంతు పూర్తిగా విప్పి నవ్వే నవ్వు. అది వినే ఎన్నేళ్లయిందో. అక్కడి నుంచి చూస్తే ఆమె ఎర్ర ఉన్నిటోపీ, దాని పక్కనే వాడి నీలం టోపీ, రెండు టోపీల నెత్తులు మాత్రం కనబడుతున్నాయి. టోపీలు దగ్గరకు వచ్చాయి. దూరం జరిగాయి. మళ్లీ దగ్గరకు వచ్చాయి. పార చేతిలో దాని మానాన అది ఆడుతోంది, కింద రేకు కిర్రుకిర్రుమంటోంది. మళ్లీ నవ్వు. ఈసారి ఇద్దరిదీ. ముఖాలు చూడాలి. ముఖాలు చూస్తే తెలిసిపోతుంది. అంచుకు ఇంకా రెండు బారలు ఉంది, తాడు అయిపోయింది.

నడుము దగ్గర ముడి విప్పాడు. చేతి తొడుగు పళ్లతో లాగి, వేలిగోళ్లతో, అరనిమిషం పట్టింది, అంత గట్టిగా కడతాడు దొంగ వెధవ. విప్పిన తాడును మూడు చుట్లు చుట్టి పొగగూటి కొక్కేనికి తగిలించాడు, ఎక్కడి వస్తువు అక్కడ ఉండాలని తండ్రి వీపు మీద కొట్టి నేర్పిన అలవాటు. అంచు దాకా వెళ్లి వంగి చూశాడు. షూర్ ఫ్లాస్కులోంచి కాఫీ వంచుతున్నాడు, తోరున్ చెయ్యి వాడి మోచేతి మీద ఉంది. అంతే చూశాడు. కాళ్ల కింది మంచు మొత్తం ఒక్క ముక్కగా కదిలింది. నెత్తి నేలకు తగిలిన చోటు ఆ పొద్దున తన ట్రాక్టరుతో తానే తుడిచిన దారి; ఒక్క రవ్వ మెత్తన మిగల్చకుండా తుడవడంలో తనకు పేరుంది. మెడలో ఏదో పుటుక్కుమంది. కళ్లు తెరిచేసరికి ఆకాశం, కురుస్తున్న మంచు, వాటికి అడ్డంగా తలకిందులుగా షూర్ ముఖం. "కదలకురా హల్వార్డ్. తలూపకు. అవునో కాదో నోటితో చెప్పు. కాలివేళ్లు ఆడుతున్నాయా?" ఆడాయి. చేతుల్లో చీమలు పాకుతున్నాయి గానీ అవీ ఆడాయి. పుర్రె వెనక భాగం మాత్రం తనది కానట్టు ఉంది, ఎవరో తెచ్చి మెడ మీద ఊరికే ఆనించి పెట్టినట్టు. షూర్ తొడుగులు తీసేసి, మంచులో మోకాళ్ల మీద కూర్చుని, మోచేతులు నేలకు ఆనించి, రెండు అరచేతులూ చెవుల మీద, వేళ్లు దవడ కిందా మెడ వెనకా పెట్టి పట్టుకున్నాడు. హిమపాతంలో హెలికాప్టరు రాలేనంది. అంబులెన్సు కనుమ అవతలి నుంచి రావాలి. గంటా ఇరవై నిమిషాలు. మధ్యలో ఎవరో "నేను పట్టుకుంటా, నువ్వు చేతులు కాచుకో" అన్నారు. "వద్దు. చేతులు మారేటప్పుడే తల జారేది," అన్నాడు షూర్. వాడి గడ్డం మీది మంచు కరిగి బొట్లుగా తన నుదుటి మీద పడింది, తుడుచుకునే దారి లేదు. అప్పుడు తోరున్ వచ్చి పక్కన మోకరించింది. వాడి వేళ్లు తెల్లబడుతున్నాయని చూసింది. వంగి, నోరు దగ్గర పెట్టి, ఆ వేళ్ల మీద ఊదింది. ఇటు పక్క ఊది, మోకాళ్ల మీద జరుగుతూ అటు పక్కకు వెళ్లి ఊది, మళ్లీ ఇటు. తన మొగుడి చెవికి ఆనుకుని ఉన్న పరాయి మగాడి వేళ్ల మీద. వెచ్చటి ఊపిరి వేళ్ల సందుల్లోంచి తన చెవి దాకా వచ్చింది కూడా. ఎవరి కోసం ఊదిందో ఆ ఊపిరి! మెడ విరిగి పడి ఉన్న మనిషికి అలాంటి లెక్క పుడుతుందా అంటే, పుట్టింది, చావు మాట కన్నా ముందు అదే పుట్టింది.

"ఎలా పడ్డారు?" అని అంబులెన్సువాడు అడిగితే "తాడు ఊడింది" అన్నాడు. ఆ మాట తను అనుకుని అన్నది కాదు, నోరు దానంతటది అంది. అన్నాక మాత్రం తియ్యగా ఉంది. షూర్ కట్టిన ముడి ఊడింది! అప్పటికీ వాడి చేతులు తలకు అటూ ఇటూ ఉన్నాయి, మెడకు పట్టా బిగించేదాకా వదల్లేదు. ఆ మాట వాడూ విన్నాడు. వేళ్లు ఒక్క క్షణం బిగుసుకుని మళ్లీ మామూలయ్యాయి. ఆదివారానికల్లా లోయంతా తెలిసింది. తోరున్ మంచం పక్కన కూర్చుని దిగులుగా చెప్పింది. "ఊళ్లో అందరూ షూర్‌నే అంటున్నారు. విచారణ తేలేదాకా తాళ్ల దగ్గరికి రావద్దని దళంవాళ్లు ఫోను చేశారట. పద్దెనిమిదేళ్లు చేసిన మనిషిని పట్టుకుని! వాడేమీ మాట్లాడట్లేదు హల్వార్డ్, తిట్టినా బాగుండేది." ఆమె దిగులు ఎవరి కోసం? మెడ విరిగిన వాడి కోసమా, ముడి ఊడిన వాడి కోసమా? అప్పుడు చెప్పేసి ఉండాల్సింది. ఆ ముఖంలో వాడి కోసం అంత దిగులు చూశాక ఎలా చెబుతాడు? ఊరు వాణ్ని ఇంకో రోజు అననీ అనుకున్నాడు. ఇంకో రెండు రోజులు అననీ.

యంత్రం మోత మార్చింది, ఇప్పుడు ఎవరో పక్కగదిలో రేకు మీద సుత్తితో కొడుతున్నట్టు. ఉమ్మి మింగాడు. మింగాక భయపడ్డాడు, పటం చెడిందేమో. అసలు ఇదంతా ఎప్పుడు మొదలైంది? ఇరవై ఆరేళ్ల కిందట పడమటి తీరం నుంచి తోరున్ మొదటిసారి లోయకు వచ్చిన వేసవిలో, నడివేసవి పండగ సెయింట్ హాన్స్ మంట దగ్గర, జంట నృత్యంలో ఆమెతో మొదటి ఆట ఆడింది షూరే. రెండోది తను. రెండోదే పెళ్లయింది కదా అని సరిపెట్టుకోవచ్చు. మొదటిదాన్ని మాత్రం ఎవడు తుడిచేస్తాడు? కారు కదలకపోతే ఆమె ఫోను చేసేది వాడికి. మొగుడు ట్రాక్టరు మీద ఉంటాడు, మోతలో ఫోను వినబడదు, నిజమే, కానీ వినబడితే మాత్రం తనకే చేస్తుందని నమ్మకమేమిటి? జనవరిలో ఒక పొద్దున తమ వాకిలి తుడవబోతే కొత్తమంచు మీద అప్పటికే అడుగులు ఉన్నాయి. లోయలో ఎవరి బూటు అడుగు ఎలా పడుతుందో హల్వార్డ్‌కు తెలుసు, అందరి వాకిళ్లూ అందరి కన్నా ముందు చూసేవాడు తనే కదా. అవి షూర్‌వి, మెట్ల దాకా వచ్చినవి, మెట్ల నుంచి పోయినవి. గుమ్మం ముందు మాత్రం రెండు అడుగుల కిందా మంచు కరిగి మళ్లీ గట్టిపడి గాజులా ఉంది. అంటే చాలాసేపు నిలబడ్డాడన్నమాట. వంగి గోటితో గీకి చూశాడు, సిగ్గులేకుండా. వెల్డింగు కడ్డీలు అడగడానికి వచ్చాడు అంది తోరున్. కడ్డీలు అడగడానికి మంచు కరిగేంత సేపు ఎందుకు? లోపలికి రమ్మంటే పోనీ, గుమ్మంలోనే అంతసేపు ఏం మాటలు? అడగలేదు. ట్రాక్టరు ఎక్కి ఆ అడుగుల మీదుగా వెనక్కి నడిపి, ఆనవాలు లేకుండా విసిరేశాడు. ఇప్పుడేమో బెర్గెన్‌లోని ఈ ఆస్పత్రి దాకా ఇద్దరూ మూడు గంటలు ఒకే కారులో వచ్చారు. ఆస్పత్రి అతిథిగృహంలో దిగారు. రెండు గదులేనా? ఏ మొగుడు అడుగుతాడు ఆ మాట, తలకు అటూ ఇటూ ఇసుకమూటలు పెట్టుకుని పడుకున్న మొగుడు?

సరే, ఇప్పుడు పాదం ఎవరు పట్టుకున్నారు? అది చూసుకో, అని తనకు తాను చెప్పుకున్నాడు. వాడు బయట నడవాలో గోళ్లు కొరుక్కుంటున్నాడు, ఆమె ఇక్కడ ఈ మోతలో కూర్చుంది. ఆ చెయ్యి అరచెయ్యీ బొటనవేలుతోనే పట్టుకుంది, చివరి వేళ్లు మూయడం లేదు, గట్టిగా పట్టుకుంటే కదులుతానని భయం కాబోలు. తోరున్ చేతులు మెత్తన కావు. ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయ ఒడ్డున పడవల కార్ఖానాలో ఇరవై ఏళ్లుగా వెల్డింగు చేస్తోంది. మణికట్టు నిండా చిన్నచిన్న నిప్పురవ్వల మచ్చలు, అవి తనవి, తను ఒక్కొక్కటీ ముద్దు పెట్టుకున్నవి, వాటిని వాడు చూసి ఉంటాడు గానీ లెక్క తెలియదు. ఆ కార్ఖానాలోనే ఒకసారి, పదకొండేళ్లయిందేమో, అద్దాలు నుదుటి మీదికి తోసుకుని ఇనుము అరగదీస్తుంటే కంట్లో రజను పడింది. కార్లో పడేసుకుని తీసుకెళ్లింది తను. షూర్ కాదు, తను. కంటి డాక్టరు సూది పట్టుకుని, ఈవిడ తల కదలకుండా పట్టుకోండి అన్నాడు. రెండు చేతులతో ఆమె తల పట్టుకున్నాడు, చెవుల మీద అరచేతులు, దవడ కింద వేళ్లు. పది నిమిషాలు. పదో నిమిషానికి మోచేతులు వణికాయి, వేళ్లు తిమ్మిరెక్కాయి, ఇక వదిలేస్తానేమో అనుకున్నాడు. ఒక ముక్క వచ్చింది. రెండోది లోతుగా దిగింది, దాని మానాన దాన్ని ఉండనివ్వండి, ఏమీ చెయ్యదు అన్నాడు డాక్టరు, ఒక్క జాగ్రత్త మాత్రం జన్మంతా గుర్తుపెట్టుకోండి, అయస్కాంతంతో పటాలు తీసే యంత్రం ఉన్న గదిలోకి ఈవిడ అడుగు పెట్టకూడదు. పోయిన శరత్కాలంలో భుజం నొప్పికి ఎమ్మారై రాసి, ఆ ముక్క సంగతి తెలిసి రద్దు చేశారు కూడా, ఆ ఉత్తరం ఇప్పటికీ వంటింట్లో ఫ్రిజ్ తలుపుకు...

తోరున్ ఈ గదిలోకి రాలేదు.

రావడానికి వీల్లేదు. ఆ కాగితం అందుకే. ఒంట్లో ఇనుము ఉందా అని అడిగే కాగితం. మరి పాదం మీద చెయ్యి? చివరి వేళ్లు మూయడం లేదు. షూర్ కుడి చేతి చివరి రెండు వేళ్ల కొసలు మంచుకాటుకు నల్లబడ్డాయని, కట్లు కట్టారని, ఆదివారం తోరునే చెప్పింది. అరికాలి మంట నెత్తికెక్కడం అంటారే, అది హల్వార్డ్‌కు అక్షరాలా ఎక్కింది. పాతిక నిమిషాలుగా వీడి చేతిని పట్టుకుని పెళ్లాం ప్రేమ అని మురిసిపోయాడు. పాదం లాక్కుందామంటే లాక్కోకూడదు, కదిలితే పటం పోతుంది, పటం పోతే పట్టీ సంగతి తేలదు. బంతి నొక్కితే ఆపేస్తారు. బంతి చుట్టూ వేళ్లు బిగిశాయి. నొక్కి ఏం చెప్పాలి ఆ పిల్లకు? పాదం మీద చెయ్యి మార్చండి అనా? "బాగా వస్తోంది, ఆఖరిది, ఏడు నిమిషాలు," అంది ఏలిన్. ఏడు నిమిషాలు. కంటి డాక్టరు దగ్గర తను పట్టుకున్నది పది నిమిషాలు, వెచ్చటి గదిలో, స్వంత పెళ్లాం తలను. వీడు గంటా ఇరవై నిమిషాలు పట్టుకున్నాడు, మంచులో, తొడుగులు లేకుండా, తన ముడి ఊడిందని నిందవేసిన వాడి తలను. అదే వీడి తల తన చేతుల్లో ఉంటే? తోరున్ వంగి తన వేళ్ల మీద ఊదుతుంటే ఉండే ఆనందం ముందు తోచింది, సిగ్గు తర్వాత వచ్చింది. ఆ సిగ్గు కూడా నిలవలేదు, వెంటనే కొత్త మంట. ఇన్నాళ్లూ వాడి నవ్వు మీద, వాడి కారు మీద, ఆ మొదటి ఆట మీద కుళ్లుకున్నాడు. ఇప్పుడు వాడి చేతుల మీద కుళ్లు పుట్టింది. అలాంటి చేతులు తనకు లేవు. అది తోరున్‌కు తెలుసు, ఊరికి తెలుసు, ఇవాళ తనకూ తెలిసింది. బొటనవేలు అరికాల్లో మెత్తగా ఒకసారి నొక్కింది, అయిపోవచ్చిందిరా అన్నట్టు. హల్వార్డ్ పాదం కదపలేదు. కళ్లల్లోంచి కారింది చెవిమూతల దాకా పోయింది.

బయటికి లాగారు. పంజరం తీశారు. మళ్లీ అదే ముఖం, పైనుంచి, తలకిందులుగా, గడ్డంతో సహా. ఏలిన్ తోపుడుమంచాన్ని నడవాలోకి నడిపించింది, తోరున్ అడుగులు పక్కకు వచ్చాయి, ఆమె ఎర్రటోపీ కంటి కొసలో ఆనింది. డాక్టర్ హౌగ్లాండ్ పక్కగదిలోంచి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చి అతని ముఖానికి ఎదురుగా వంగింది.

"పట్టీ తెగలేదు. ఒక పక్క నలిగింది, అంతే. స్క్రూలు అక్కర్లేదు, మధ్యాహ్నం వలయం బిగిద్దాం. అంబులెన్సు వచ్చేదాకా మీ తల పట్టుకున్నది ఎవరు?"

జవాబు కోసం ఆవిడ ఆగలేదు.

"ఎవరైనా సరే, జన్మంతా కాఫీ పొయ్యండి వాళ్లకి," అని ఆవిడ వెళ్లిపోయింది.

తోరున్ ముక్కు ఎగపీల్చడం వినబడింది. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పుడూ చెప్పడు. పన్నెండు వారాలు ఇనుప వలయంలో ముఖం పెట్టుకుని ఈ అబద్ధాన్ని ఎదురుగా చూస్తూ ఉండాలి.

"షూర్."

"ఊఁ."

"ముడి ఊడలేదురా. నేనే విప్పుకున్నా."

"తెలుసు," అన్నాడు షూర్.

"ఏం తెలుసు?"

"ఆదివారం పొద్దున కప్పెక్కా, తాడు తెచ్చుకుందామని. మూడు చుట్లు చుట్టి కొక్కేనికి తగిలించి ఉంది. ఊడిన తాడు తనంతట తాను చుట్టలు చుట్టుకుని కొక్కేనికి తగులుకోదు కదరా. మీ నాన్న తగిలించినట్టే ఉంది."

"మరి చెప్పలేదేం? అందరూ నిన్ను..."

"పడ్డది నువ్వు. నువ్వే చెప్తావులే అని చూశా."

ఒప్పుకోవడం అనే ఒక్కటైనా తన సొంతం అనుకున్నాడు, అదీ వాడి జేబులో ఆదివారం నుంచీ ఉంది. హల్వార్డ్ పైకప్పు దీపాలకేసి చూస్తూ ఉండిపోయాడు.

"హల్వార్డ్," అంది తోరున్. "ఎందుకు విప్పావు?"

ఆమె ముఖం చూడాలి. ముఖం చూడకుండా ఈ మాట ఎలా చెబుతారు ఎవరైనా? ఎర్రటోపీ అంచు తప్ప ఏమీ కనబడటం లేదు.

"మీరిద్దరూ నవ్వుతున్నారు," అన్నాడు దీపాలతో. "ఎందుకు నవ్వుతున్నారో చూద్దామని."

దూరంగా ఏదో తలుపు మూసుకుంది.

"నిన్ను చూసే నవ్వాం," అంది తోరున్. కోపమో ఏడుపో తెలియని గొంతు. "పది నిమిషాల్నుంచి ఒకేచోట తోస్తున్నావు. అక్కడ మంచు ఎప్పుడో అయిపోయింది. మా మీద కళ్లు పెట్టుకుని ఉత్త రేకు గీకుతున్నావు, కిర్రుకిర్రుమంటూ. కిందికి వినబడదనుకున్నావా? ఇంకాసేపు గీకితే రేకుకు చిల్లు పడి వీడు నేరుగా వాఫిళ్ల బల్ల మీద దిగుతాడన్నాడు షూర్. అందుకు నవ్వా. ఇంత పిచ్చి మొగుడు ఎవరికి ఉంటాడు అని నవ్వా."

నవ్వు వచ్చింది హల్వార్డ్‌కు. నవ్వితే మెడ అదురుతుందని పళ్లు బిగబట్టి ఆపుకున్నాడు, కళ్లు మళ్లీ కారాయి. తోరున్ తన టోపీ తీసి దాంతోనే ఆ తడి తుడిచింది, కాస్త మోటుగా, నుదుటి దాకా. క్షమించమని అడిగాడు, ఇద్దర్నీ కలిపి, ఎవరికీ సరిగ్గా వినబడనంత మెల్లగా. షూర్ ముందుకు వచ్చి పాదం మీద ఒక్కటి చరిచాడు, కప్పెక్కే ముందు భుజం మీద చరిచినట్టే. దళంవాళ్లకు తనే ఫోను చేస్తానని హల్వార్డ్ అన్నాడు, చెవి దగ్గర ఎవరైనా ఫోను పెడితే. "నేను పెడతాలే," అంది తోరున్.

ఏలిన్ మంచాన్ని ముందుకు తోసింది. దీపాలు ఒకటొకటిగా మీదుగా పోతున్నాయి. వెనక రెండు జతల అడుగులు, పక్కపక్కనే. షూర్ ఏదో అన్నాడు, మాటలు అందలేదు. తోరున్ చిన్నగా నవ్వింది. మంచిదే, నవ్వనీ, అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు, రెండు దీపాలు దాటేదాకా. మూడో దీపం దగ్గర, ఇద్దరి మధ్యా ఎంత ఎడం ఉందో ఒక్కసారి చూడాలని ప్రాణం లాగింది. మెడ తిరగలేదు. పన్నెండు వారాలు.